ఎర్రగుడ్డ టోకెన్

ఉదయం ఎనిమిదికి మిషను ముందు కూర్చుంటే మధ్యాహ్నం ఒంటిగంటకి గంట మోగేదాకా సీట్లోంచి లేవని మనిషి ఆ కాలర్ లైనులో ఒక్కతే ఉంది. ఆవిణ్ణి అందరూ పెద్దక్క అంటారు. ఇరవై ఆరేళ్లుగా చొక్కా కాలర్లు కుడుతోంది. పెద్దక్క కుట్టిన కాలర్ మొన వేలికి గుచ్చుకుంటుందని చెకింగ్ వాళ్లు నవ్వుతూ అంటారు. ఆ మాటకి ఆవిడ పైకి విసుక్కున్నా లోపల పొంగిపోయేది. అంతకంటే ఎక్కువ పొంగిపోయేది ఇంకో మాటకి. "పెద్దక్కని చూసి నేర్చుకోండి. ఐదు గంటలు. ఒక్కసారి లేవదు," అని సూపర్‌వైజరు లైనంతా వినపడేలా అన్నప్పుడు.

లేవకుండా ఉండటం ఎలాగో కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ ఆవిడే నేర్పేది. పొద్దున లేచాక నీళ్లు తాగకు. టీ అయితే సగం గ్లాసు. పని మధ్యలో గొంతెండితే పుక్కిలించి ఉమ్మేయి, మింగకు. వచ్చినట్టనిపిస్తే తొడలు బిగించి ఇరవై కాలర్లు కుట్టు, అదే పోతుంది. ఇదంతా ఒక విద్యలా చెప్పేది. ఖర్మ కాకపోతే, వినేవాళ్లు కూడా విద్యలాగే నేర్చుకునేవాళ్లు.

నేర్చుకోక చస్తారా. లైనులో ముప్ఫై రెండు మంది ఆడవాళ్లుంటే, మరుగుదొడ్డికి వెళ్లడానికి టోకెన్ ఒక్కటి. అది మెడలో వేసుకున్న మనిషే సీట్లోంచి లేవాలి, నాలుగు నిమిషాల్లో తిరిగి రావాలి, ఆవిడ వచ్చాకే ఇంకొకరు. పూర్వం అదొక ప్లాస్టిక్ బిళ్ల. మాటిమాటికీ పోయేది. ఒకసారైతే ఎవరో కడుపుమంటతో దాన్ని దొడ్లోనే పడేసి నీళ్లు కొట్టారు. సూపర్‌వైజరు తల పట్టుకుని కూర్చుంటే, పెద్దక్క ఆ రోజు భోజనాల వేళలో గబగబా నాలుగు ముద్దలు తినేసి, ఎర్రగుడ్డ ముక్కలు రెండు కత్తిరించి, మధ్యలో కాలర్లకి వేసే గట్టి బక్రం రెండు పొరలు పెట్టి, అరచేయంత టోకెన్ కుట్టింది. నాలుగు మూలలూ కాలర్ మొనల్లా తీసింది. చుట్టూ రెండు వరసల కుట్టు వేసింది. మెడలో వేసుకోవడానికి పట్టీ కూడా పెట్టింది. చేసిపెట్టమని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. అదీ అసలు సంగతి.

సూపర్‌వైజరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నీ దగ్గరే ఉండనీ. నీకెలాగూ అవసరం లేదుగా," అన్నాడు. అప్పట్నుంచి పదకొండేళ్లుగా టోకెన్ పెద్దక్క మిషను పక్క మేకుకే వేలాడుతోంది. ఎవరికి కావాలన్నా ఆవిణ్ణే అడగాలి. సూపర్‌వైజరుకి అమ్మాయిలు పెట్టుకున్న పేరు గడియారం. మణికట్టు చూసుకోకుండా అతను మాట పూర్తి చేసిన రోజు లేదు. గడియారానికి ముల్లు పెద్దక్క అని కూడా వెనకాల అనుకునేవాళ్లు. అది ఆవిడ చెవిన పడింది. పట్టించుకోలేదు.

మూడు నెలల కిందట కంపెనీకి కొత్త బుద్ధి పుట్టింది. చొక్కాలు కొనే పెద్దవాళ్లు, మీ పనివాళ్ల మనశ్శాంతికి ఏం చేస్తున్నారని అడిగారట. అప్పట్నుంచి రోజూ పదిన్నరకి చిన్న గంట మోగుతుంది. మిషన్లన్నీ ఆపాలి. కళ్లు మూసుకోవాలి. మూడు నిమిషాలు ఊపిరి వస్తోందో పోతోందో గమనించాలి. గోడకి నిలువెత్తు బొమ్మ అంటించారు. అందులో ఒకావిడ కళ్లు మూసుకుని చిరునవ్వు నవ్వుతూ ఉంటుంది, పక్కన గ్లాసు నిండా నీళ్లు. కింద పెద్ద అక్షరాలు: 'మీ శరీరం మాట వినండి.' ఆ మూడు నిమిషాలూ కంపెనీ తన గంటల్లోంచి ఇచ్చిందనుకునేరు. భోజనం విరామం నలభై నిమిషాలుండేది, ముప్ఫై ఏడు చేశారు. మనశ్శాంతి కూడా మన డబ్బాలోంచే తీసి మనకే వడ్డించారు.

వారానికోసారి ఒక అమ్మాయి వచ్చి దగ్గరుండి చేయించేది. మెత్తటి గొంతు, మెత్తటి చెప్పులు. ఆమెకి శ్వాసమ్మ అని పేరు పడింది. పెద్దక్కకి మొదట్లో ఇదంతా బాగానే ఉండేది. పెడల్ తొక్కి తొక్కి పట్టేసిన మోకాలికి మూడు నిమిషాల తెరిపి దొరికేది. శరీరం మాట సంగతి మాత్రం ఆవిడ ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆవిడ కోడలు ఏడాది కిందట అదే లైనులో చేరింది. కుట్టిన కాలర్‌ని తిరగేసి మొనలు తీసే పని, అత్త మిషనుకి మూడు సీట్ల వెనక. ఇంట్లో ఇద్దరికీ పెద్ద తగువులేం లేవు. అత్త సణుగుతుంది, కోడలు పని చేసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తుంది, దేని దారి దానిది. ఫ్యాక్టరీలో మాత్రం పెద్దక్క కోడలి దగ్గర ఇంకాస్త బిగుసుకుపోయేది. సొంత మనిషని టోకెన్ ఇచ్చేస్తోందని ఎవరూ వేలెత్తి చూపకూడదు కదా. కోడలికి ఐదో నెల వచ్చాక కూడా ఆ బిగింపు సడలలేదు.

ఆ మంగళవారం కోడలు తొమ్మిదిన్నరకి వచ్చి మిషను పక్కన నిలబడింది.

"అత్తయ్యా, టోకెన్."

"ఇందాకేగా వెళ్లావు."

"ఎనిమిదింపావుకి వెళ్లా."

"రెండు గంటలైనా ఆగలేవా? మీ ఆయన కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెల దాకా ఈ సీట్లోనే కూర్చున్నా నేను. వెళ్లు, బండిల్ పేరుకుపోతోంది."

"అందుకే కాబోలు ఆయన కూడా ఏదడిగినా తర్వాత తర్వాత అంటాడు," అని నవ్వడానికి చూసింది కోడలు. నవ్వు సగంలోనే ఆగింది. పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి వెళ్లి కూర్చుంది. పదిన్నరకి గంట మోగింది. అందరితో పాటు కోడలూ కళ్లు మూసుకుంది. పదకొండింటికి మళ్లీ వచ్చి అడిగితే, టోకెన్ వేరే పిల్ల మెడలో ఉంది. పన్నెండింటికి అడగడానికి లేవలేదు. అడగలేదంటే అవసరం లేదనుకుంది పెద్దక్క.

మర్నాడు సాయంత్రం పని దిగేవేళకి కోడలు గడగడా వణికిపోతోంది. ఒళ్లు కాలిపోతోంది. నడుం పక్కన పోటు, అడుగు తీసి అడుగు వేయలేకపోతోంది. పెద్దక్క ఆమెని ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ పరీక్ష రాసింది, చేయించింది, కాగితం చూసింది.

"మూత్రంలో ఇన్‌ఫెక్షన్. కిడ్నీ దాకా పాకింది. ఈ నెలల్లో ఇది చిన్న విషయం కాదు. ముదిరితే నొప్పులు వచ్చేస్తాయి. ఇప్పుడొస్తే బిడ్డ బతకదు." ఆమె గొంతు పెంచలేదు. "మందులు నేనిస్తా. రోజంతా నీళ్లు తాగాలి, వచ్చినప్పుడల్లా వెళ్లాలి. ఆపుకుంటూ కూర్చుంటే నా మందు దండగ. అసలు ఆపుకోమని ఎవరు చెప్పారమ్మా నీకు?"

కోడలు నేల చూసింది. ఎవరి పేరూ చెప్పలేదు. ఆ చెప్పకపోవడం పెద్దక్కకి చెంపదెబ్బలా తగిలింది.

"నేనే," అంది.

డాక్టరమ్మ కుర్చీ ఇటు తిప్పింది. "మీరూ అక్కడేనా పని? మీరెన్నిసార్లు వెళ్తారు?"

"ఒంటిగంటకి ఒకసారి, ఇంటికొచ్చాక ఒకసారి." ఇన్నేళ్ల అలవాటు కొద్దీ ఆ జవాబులో కాస్త గర్వం తొంగిచూసింది.

"టైము అడగట్లేదు. వచ్చినట్టు మీకెలా తెలుస్తుంది?"

పెద్దక్క ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది. "గంట మోగుతుందిగా," అంది చివరికి.

"మరి ఆదివారం?"

"ఆదివారం కూడా ఒంటిగంటకే వెళ్తా."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "మీ ఒళ్లు మీకు చెప్పడం మానేసిందమ్మా. ఎన్నేళ్లు చెప్పి చెప్పి విసిగిపోయిందో పాపం," అని, ఆవిడకీ ఒక పరీక్ష రాసింది.

కోడలిని అక్కడే పడుకోబెట్టి సెలైన్ పెట్టారు. బయట బల్ల మీద కూర్చున్న పెద్దక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ముందు కోడలి మీద వచ్చింది కోపం, నోరు లేదా దీనికి, గట్టిగా అడిగితే ఇచ్చేదాన్నిగా అని. గట్టిగా అడిగినవాళ్లకి తనేం ఇచ్చిందో గుర్తొచ్చింది. తర్వాత గడియారం మీద, కంపెనీ మీద, గోడ మీద నీళ్ల గ్లాసు పెట్టుకుని నవ్వే బొమ్మ మీద వచ్చింది. ఇవన్నీ న్యాయమైన కోపాలే, కాదనడానికి లేదు. కానీ అవన్నీ తిరిగి తిరిగి మిషను పక్క మేకు దగ్గరికే వచ్చి ఆగాయి. రెండు వరసల కుట్టు. ఒక వరస చాలదా? ఎవరి మెప్పు కోసం వేశావే రెండో వరస, అని తనని తానే తిట్టుకుంది.

జ్వరం దిగింది. బిడ్డకి ప్రస్తుతానికి ప్రమాదం లేదన్నారు. వారం విశ్రాంతి తర్వాత సోమవారం కోడలు పనిలోకి వచ్చింది. మానేయమని పెద్దక్కే అంది. ఆయనకి పని మూడు రోజులుంటే నాలుగు రోజులుండదు, పుట్టబోయేవాడికి నేనే దిక్కు అత్తయ్యా, అంది కోడలు. డాక్టరమ్మ చీటీ రాసి ఇచ్చింది, ఈమెని ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లనివ్వాలని. అత్తాకోడళ్లిద్దరూ పొద్దున్నే ఆ చీటీ పట్టుకుని గడియారం ముందు నిలబడ్డారు.

అతను చదివి మడత పెట్టాడు. మణికట్టు చూసుకున్నాడు. "చీటీ బాగానే ఉంది. కానీ ఒకరికి వదిలేస్తే రేపు ముప్ఫై రెండు మందీ చీటీలు తెస్తారు. అయినా టోకెన్ మీ అత్తగారి దగ్గరే ఉందిగా, ఇంట్లో మాట్లాడుకోండి." నవ్వాడు. "కుదరదంటే కాన్పయ్యాక రా అమ్మాయ్. అప్పటికి సీటు ఖాళీ ఉంటే చూద్దాం. ఇవాళ మాత్రం కాస్త జాగ్రత్త, పదిన్నరకి బయటివాళ్లు చూడ్డానికి వస్తున్నారు."

పెద్దక్క వచ్చి సీట్లో కూర్చుంది. ఎనిమిది నుంచి పదిన్నర దాకా ఎన్ని కాలర్లు కుట్టిందో ఆవిడకే తెలియదు. ఒక్క మొనా సరిగ్గా రాలేదు. కోడలికి తొమ్మిదింటికి అడక్కుండానే టోకెన్ మెడలో వేసి పంపింది. ఆమె తిరిగొచ్చేలోపు నలుగురు అడిగారు. అందులో ఒకమ్మాయి, నెల కిందట చేరిన పిల్ల, "నాకేం అర్జెంటు లేదులే పెద్దక్కా, పుక్కిలించి ఉమ్మేస్తున్నా," అంది, తనకి పాఠం బాగా వచ్చినట్టు.

పదిన్నరకి గంట మోగింది. మిషన్లు ఆగాయి. చొక్కాలు కొనే కంపెనీ మనుషులు ఇద్దరు, ఒక పెద్దమనిషీ ఒక నడివయసు ఆవిడా, గడియారం పక్కన నిలబడ్డారు. శ్వాసమ్మ మెత్తగా మొదలుపెట్టింది.

"కళ్లు మూసుకోండి. అరికాళ్ల దగ్గర్నుంచి మొదలుపెడదాం. ఒక్కో చోటా ఆగి, అక్కడ ఏముందో గమనించండి."

ఇన్నాళ్లూ పెద్దక్క ఆ మాటలు వినలేదు, మోకాలికి తెరిపి చూసుకుందంతే. ఇవాళ పట్టుదలగా విన్నది, తగువుకి దిగిన మనిషి వింటుందే అలా. అరికాలు మొద్దుబారి ఉంది. మోకాలు సలుపుతోంది. నడుం పట్టేసింది. మెడ దగ్గర నరం లాగుతోంది. పొత్తికడుపు దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు. తాళం వేసిన ఇంటి తలుపు కొట్టినట్టుంది. శ్వాసమ్మ గొంతు భుజాల దాకా వెళ్లిపోయింది, పెద్దక్క వెళ్లలేదు, అక్కడే నిలబడింది. ఉన్నావా? చచ్చావా? ఏదో ఒకటి చెప్పు.

కాసేపటికి లోపల ఎక్కడో చిన్న బరువు తెలిసింది. తర్వాత కొద్దిగా సలుపు. ఆవిడ ఊపిరి బిగబట్టింది. అనుమానం లేదు, అదే. టైము పదిన్నర దాటి రెండు నిమిషాలు. ఒంటిగంట కాలేదు, ఏ గంటా మోగలేదు. ఇరవై ఆరేళ్లుగా అది అక్కడే ఉండి పిలుస్తూనే ఉందన్నమాట. పెద్దక్కకి సంతోషం కలగలేదు, ఒళ్లు మండిపోయింది.

"నెమ్మదిగా కళ్లు తెరవండి," అంది శ్వాసమ్మ. "మీ శరీరం ఇవాళ మీకేం చెప్పిందో ఎవరైనా చెబుతారా?"

గడియారం పెద్దక్క వైపు గడ్డం ఎగరేశాడు. సీనియరు, నాలుగు మంచి మాటలు చెప్పు అని. పెద్దక్క లేచి నిలబడింది.

"ఒంటేలుకి వెళ్లాలంటోంది," అంది.

లైనులో కిసుక్కుమన్నారు. శ్వాసమ్మ కూడా చిరునవ్వు నవ్వింది. "మంచిదే. అది కూడా ఒక అనుభూతే. దాన్ని గమనించండి, వచ్చింది, అలాగే పోనివ్వండి."

"పోనిచ్చానమ్మా. ఇరవై ఆరేళ్లుగా పోనిస్తూనే ఉన్నా. ఇంతమందికి పోనివ్వడం నేర్పా. పోయి పోయి నా కోడలి కిడ్నీలో తేలింది."

ఎవరూ నవ్వలేదు. శ్వాసమ్మకి అర్థం కాలేదు. "వెళ్లాలనిపిస్తే వెళ్లొచ్చు కదండీ," అంది.

"దేంతో వెళ్లాలి? ఇదిగో, ఇది మెడలో ఉంటేనే వెళ్లాలి." పెద్దక్క మేకు మీంచి టోకెన్ తీసి అందరికీ కనపడేలా ఎత్తి పట్టింది. "ముప్ఫై రెండు మందికి ఇదొక్కటి. నాలుగు నిమిషాలు. నువ్వు వారానికోసారి వచ్చి ఒంటి మాట వినమంటావు. విని ఏం చేయాలమ్మా? విని నోరు మూసుకుని కూర్చోవాలా? అది మాకు నువ్వు రాకముందే వచ్చు."

శ్వాసమ్మ మొహం ఎర్రబడింది. "నాకు ఈ టోకెన్ సంగతి ఎవరూ చెప్పలేదు," అంది చిన్న గొంతుతో. ఆ మాట నిజమే అయ్యుంటుంది. వచ్చిన ఇద్దరూ గడియారం వైపు చూశారు.

"పెద్దక్కా, మూడు నిమిషాలు దాటింది. కూర్చో. తర్వాత మాట్లాడదాం," అన్నాడతను, మణికట్టు చూసుకుంటూ.

ఆవిడ కూర్చుంది. కూర్చుని దారాలు తుంచే చిన్న కత్తెర తీసుకుంది. టోకెన్‌ని మిషను దీపం కిందకి లాక్కుని, మూల దగ్గర కుట్టులోకి కత్తెర మొన దూర్చింది.

"ఏం చేస్తున్నావు? అది కంపెనీది."

"గుడ్డ కంపెనీది, ఇస్తాలెండి. కుట్టు నాది."

గట్టిగా కుట్టిన చెయ్యి కదా, కుట్టు ఊడి రాదే. పదకొండేళ్ల చెమట పట్టి దారం గుడ్డలో కలిసిపోయింది. ఒక్కో కుట్టూ తెంపాలి. మిషన్లేవీ మొదలవలేదు. హాల్లో కత్తెర చప్పుడొక్కటే వినపడుతోంది. మొదటి వరస అయింది, రెండో వరస దగ్గర కత్తెర జారి వేలు తెగింది. పక్క సీటు ఆవిడ, "ఇటియ్యి పెద్దక్కా," అని చెయ్యి చాపింది. ఇవ్వలేదు. చివరి మూల విప్పేసరికి ఎర్రగుడ్డ రెండు ముక్కలైంది, మధ్యలోంచి బక్రం పొరలు జారి నేల మీద పడ్డాయి. పెద్దక్క గుడ్డముక్కలు రెండూ మడిచి గడియారం చేతిలో పెట్టింది.

"టోకెన్ లేకుండా ఒక్కరు లేచినా ఊరుకోను. గేటు బయట ఉంటారు," అన్నాడతను. వచ్చినవాళ్లు పక్కనే ఉన్నారన్న సంగతి కూడా మర్చిపోయాడు.

"టోకెన్ ఏదీ, చూపించండి సార్, తీసుకుని వెళ్తాం," అంది పెద్దక్క. వెనక్కి తిరిగింది. "పదవే."

కోడలు లేచింది. అత్త వెనకాలే నడిచింది. వాళ్ల వెనక, పుక్కిలించి ఉమ్మే పిల్ల లేచింది. ఇంకో ఏడెనిమిది మంది లేచారు. అందరూ లేవలేదు. చాలామంది తల దించుకుని బండిల్స్ సర్దుకున్నారు. వాళ్లని పెద్దక్క ఏమనగలదు? వాళ్లకి కూర్చోవడం నేర్పింది తనే.

మరుగుదొడ్లు నాలుగు. రెండింట్లో అట్టపెట్టెలు కుక్కి తాళం వేశారు. ఒకదానికి గడియ లేదు. కోడల్ని మొదట గడియ ఉన్నదాన్లోకి పంపించి, తను బయట కాపలా నిలబడింది. కోడలు బయటికొచ్చి మొహం కడుక్కుని, "వెళ్లండి అత్తయ్యా," అంది. పెద్దక్క లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది.

కూర్చుంది. రాలేదు. ఇందాకటి బరువు ఉంది గానీ, వదలడం ఒంటికి చేతకావట్లేదు. ఇన్నేళ్లూ బిగించి బిగించి ఉంచిందాన్ని ఇప్పటికిప్పుడు వదలమంటే ఎలా నమ్ముతుంది? బయట ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పక్క తలుపు లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. ఎవరో కుళాయి తిప్పి దోసిలితో నీళ్లు తాగుతున్న చప్పుడైంది. తర్వాత బూట్ల చప్పుడు, తలుపు చెక్క మీద దబదబా బాదుడు.

"పెద్దక్కా, నాలుగు నిమిషాలు ఎప్పుడో దాటింది. ఈ క్షణం సీట్లో ఉండకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు."

రేపట్నుంచి రానక్కర్లేదన్న మాట వినపడగానే కాళ్లు అలవాటుగా లేవబోయాయి. ఆవిడ రెండు మోకాళ్ల మీదా చేతులు పెట్టి అదిమి పట్టుకుంది.

"ఇంకా రాలేదు," అంది లోపల్నుంచి. "వచ్చినప్పుడు వస్తా. అందాకా మీరు కళ్లు మూసుకుని ఊపిరి లెక్కపెట్టుకోండి సార్."

బయట ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు కోడలిది. ఇంకొకరు అందుకున్నారు. పెద్దక్క నవ్వలేదు, కళ్లూ మూసుకోలేదు. పెచ్చులూడిన తలుపు వంక చూస్తూ, తెగిన వేలు చీర కొంగులో చుట్టుకుని, అలాగే కూర్చుంది.